ఈ ఏడు మా ఇంటి మీద స్టార్ కట్టాలా?

అక్కా, మాది తెనాలి దగ్గర ఒక పల్లెటూరు. తాతల కాలం నుంచి లూథరన్ సంఘంలో ఉన్నాం. ఆగస్టులో మా ఆయన గుండెపోటుతో పోయారు. ఆయనకు 43 ఏళ్లు, నాకు 38. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు చదువుతున్నారు. అత్తగారు మాతోనే ఉంటారు.

మా ఆయన గుడిలో డోలక్ వాయించేవారు. డిసెంబరు వస్తే ఆయనే వెదురు బద్దలు చీరి, రంగు కాగితాలు అంటించి పెద్ద స్టార్ చేసి డాబా మీద కట్టేవారు. ఊరి చివర నుంచి కూడా కనిపించేది. బాబు "మమ్మీ, మన స్టార్ ఎప్పుడు?" అని రోజూ అడుగుతున్నాడు. అత్తగారేమో "ఏడాది తిరక్కుండా ఇంటి మీద స్టార్ వెలిగితే నలుగురూ ఏమనుకుంటారు? ఈ ఏడు మనకు పండగ లేదు" అన్నారు. పాప ఏమీ మాట్లాడదు. సంఘపెద్ద ఒకాయన వచ్చి "ప్రభువు దగ్గరికి వెళ్లినవాడి కోసం ఇంకా ఏడవడం అవిశ్వాసం అమ్మా, క్రిస్మస్ ఆనందించాల్సిన సమయం" అన్నారు. కేరల్స్ రౌండ్స్‌కి మా ఇంటికి రావాలా వద్దా అని యూత్ పిల్లలు కబురు పెట్టారు. నేనింకా ఏమీ చెప్పలేదు. డోలక్ శబ్దం వింటే తట్టుకోలేను. నిద్ర సరిగా పట్టడం లేదు. ఈ నెలంతా పడుకుని, లేచేసరికి జనవరి అయిపోతే బాగుండు అనిపిస్తోంది. నాలో విశ్వాసం తగ్గిపోయిందా అక్కా? స్టార్ కట్టాలా, వద్దా?

ఒక చెల్లెలు


చెల్లెమ్మా,

ముందు మీ చివరి రెండు ప్రశ్నలకు జవాబు చెప్పేస్తాను, మిగతావి నెమ్మదిగా మాట్లాడుకుందాం. స్టార్ కట్టండి. అయితే ఈ వారమే కట్టాలని లేదు. ఎప్పుడు, ఎవరి చేత అన్నది చివర్లో రాస్తాను. మీ విశ్వాసం తగ్గలేదు. విశ్వాసం తగ్గినవాళ్లు ఈ ప్రశ్న అడగరు, ఉత్తరం రాయడానికి కూర్చోరు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈ ఏడు పండగే లేదని ఒకరన్నారు, నవ్వి తీరాలని ఇంకొకరన్నారు. ఇద్దరి మాటల మధ్య మీకు కాలు పెట్టే చోటు దొరకడం లేదు. ఆ చోటు మీ గుడి క్యాలెండరులో ఉంది చెల్లెమ్మా, ఎప్పటి నుంచో ఉంది. మనమే దాన్ని వాడటం మానేశాం. దాని పేరు ఆగమన కాలం, క్రిస్మస్ కోసం ఎదురుచూసే రోజులు.

నవంబరు 30కి దగ్గరగా వచ్చే ఆదివారంతో అది మొదలవుతుంది. నాలుగు ఆదివారాలు. రోజుల్లో లెక్కేస్తే ఏడాదిని బట్టి 22 నుంచి 28 దాకా వస్తాయి. ఆ రోజుల్లో గుడిలో బల్ల మీద పరిచే గుడ్డ ఊదా రంగులో ఉంటుంది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో పరిచేదీ అదే రంగు. పండగ రంగు తెలుపు, అది క్రిస్మస్‌కే వస్తుంది. రోమన్ కథోలిక సంఘంలోనూ, పాత ఆరాధన క్రమాన్ని పాటించే మరికొన్ని సంఘాల్లోనూ ఈ నాలుగు ఆదివారాలు 'సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమ' అనే దేవదూతల పాట ఆరాధనలో పాడరు. దాచుకుని క్రిస్మస్ రాత్రి మళ్లీ ఎత్తుకుంటారు. సంఘమే నాలుగు వారాలు ఆ పాటను గొంతులో ఆపుకుంటుంటే, మీ గొంతులోంచి పాట రావడం లేదని ఎవరు తప్పు పట్టగలరు?

మనం ఏం చేశామంటే, డిసెంబరు 1 నుంచే పండగ మొదలుపెట్టేశాం. బడిలో సెమీ క్రిస్మస్, ఆఫీసులో సెమీ క్రిస్మస్, స్త్రీల సమాజం సెమీ క్రిస్మస్, ఊళ్లో అన్ని సంఘాలూ కలిసి యునైటెడ్ క్రిస్మస్. ఆ కూడికల మీద నాకు కోపం లేదు. వాటికి క్రైస్తవులు కాని ఇరుగుపొరుగు వాళ్లు కూడా వచ్చి పక్కన కూర్చుని కేకు తింటారు, అది మంచి విషయం. కానీ ఎదురుచూడాల్సిన నాలుగు వారాలనూ పండగ మింగేసింది. దాంతో నష్టపోయింది మీలాంటి ఇళ్లే. దుఃఖంలో ఉన్నవాళ్లకు క్యాలెండరులో ఉన్న ఒక్క నెలలోనూ సీరియల్ లైట్లు పెట్టేశాం. కాబట్టి ఈ ఏడు మీరు ఒక్క సెమీ క్రిస్మస్‌కు కూడా వెళ్లక్కర్లేదు. "ఈసారికి మేము ఆగమన కాలం పాటిస్తున్నాం" అని చెప్పండి. అది సాకు కాదు, నిజం.

తెలుగు బైబిలు చదివేటప్పుడు నన్ను ఎప్పుడూ ఆపే మాట ఒకటుంది: నిరీక్షణ. మామూలు తెలుగులో దానికి ఎదురుచూపు అని అర్థం. బస్సు కోసం గంటల తరబడి నిరీక్షించాం అంటాం. మన బైబిల్లో మాత్రం ఆశ అని రాయాల్సిన చాలా చోట్ల ఈ మాటే వేశారు. ఆశ అంటే మనసులో ఒక్కసారి మెరిసి ఆరిపోవచ్చు. నిరీక్షణ అలా కాదు, దానికి రోజులు పడతాయి, కాళ్లు నొప్పి పుడతాయి, మధ్యలో ఏడుపు కూడా వస్తుంది. ఆగమన కాలంలో మొదటి ఆదివారం వెలిగించే కొవ్వొత్తికి చాలా సంఘాల్లో పెట్టుకున్న పేరు కూడా నిరీక్షణే.

సంఘపెద్ద గారు మంచి మనసుతోనే అని ఉంటారు. బహుశా థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయం ఆయన మనసులో ఉండి ఉంటుంది. ఆ వాక్యం తీసి మళ్లీ చదవండి. 'నిరీక్షణలేని ఇతరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము' అని ఉంది. దుఃఖపడొద్దని అక్కడ లేదు, నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దని ఉంది. దుఃఖం ఇద్దరికీ ఉంటుందని ఆ పత్రిక రాసిన పౌలుకు తెలుసు. లాజరు సమాధి దగ్గర ప్రభువు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. కాసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా కన్నీళ్లు విడిచారు. ఆ కన్నీళ్లను అవిశ్వాసం అనే ధైర్యం మనలో ఎవరికీ లేదు. మరి మీ కన్నీళ్లను ఎందుకు అనాలి?

మీకు ఒక మనిషిని గుర్తు చేయాలి. పశువుల తొట్టి, గొల్లలు, జ్ఞానులు, దూతలు, అందరినీ మన పిల్లలు క్రిస్మస్ నాటికలో వేస్తారు. ఈమెను మాత్రం ఎవరూ వేయరు. లూకా సువార్త రెండో అధ్యాయంలో ఉంది, పేరు అన్న. ఆషేరు గోత్రంవాళ్లు, పనూయేలు అనే ఆయన కూతురు. పెళ్లయ్యాక భర్తతో 7 ఏళ్లే కాపురం చేసింది. ఆ తర్వాత 84 ఏళ్ల వరకు ఒంటరిగానే ఉంది. మరియ, యోసేపు పసిబిడ్డను ఎత్తుకుని దేవాలయానికి వచ్చిన రోజు, ఆ బిడ్డ ఎవరో గుర్తుపట్టినవాళ్లలో ఈమె ఒకతె. విమోచన కోసం ఎదురుచూస్తున్నవాళ్లందరికీ ఆయన గురించి చెప్పింది కూడా. భర్త పోయిన స్త్రీ పండగలో అడ్డం రాకూడదనే మాట మన ఊళ్లలో ఉంది. క్రైస్తవులమైనా అది మన ఇళ్లలోంచి పూర్తిగా పోలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కానీ క్రిస్మస్ కథలోనే అలాంటి స్త్రీ పేరు, తండ్రి పేరు, గోత్రం, ఎన్నేళ్లు కాపురం చేసిందన్న లెక్క, అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. గొల్లల పేర్లు రాయలేదు, జ్ఞానుల పేర్లు రాయలేదు. ఈమె వివరాలు రాశారు.

ఆమె పక్కనే సుమెయోను ఉన్నాడు. 'ఇశ్రాయేలుయొక్క ఆదరణకొరకు కనిపెట్టువాడు' అని అతని గురించి రాశారు. ఆదరణ అనే మాట మీకు కొత్త కాదు. ఆగస్టులో మీ ఇంటి ముందు షామియానా వేసి, కుర్చీలు వేసి జరిపిన కూడికను మనవాళ్లు ఆదరణ కూడిక అంటారు కదా. ఆ రోజు మీకు ఆదరణ అందిందో లేదో నాకు తెలియదు. ఆ వేళకు సాధారణంగా మనిషికి ఏమీ వినపడదు. వచ్చినవాళ్లకు భోజనాలు సరిపోయాయా లేదా అన్నదే బుర్రలో తిరుగుతుంది. సుమెయోను ఆ ఆదరణ కోసం ముసలివాడయ్యేదాకా కనిపెట్టాడు. మనం ఇంట్లో "పిల్లాణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండు" అంటాం, అంటే కన్ను వేసి ఉంచమని. మీరు ఇప్పుడు చేస్తున్నది అదే. ఇద్దరు పిల్లల్ని, ఒక ముసలావిణ్ణి కనిపెట్టుకుని ఉన్నారు. ఆదరణ కోసం కూడా అలాగే కనిపెట్టండి. నాలుగు నెలలకే రావాలని ఎక్కడా రాసి లేదు.

ఇక ఇంట్లో ఏం చేయాలో చెబుతాను.

1839లో జర్మనీలోని హాంబర్గులో యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ బోధకుడు దిక్కులేని పిల్లల్ని ఒక ఇంట్లో పెట్టి పెంచుతుండేవాడు. డిసెంబరు వస్తే ఆ పిల్లలు "క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులు?" అని ఆయన్ని వదిలేవాళ్లు కాదు. అచ్చం మీ బాబులాగే. ఆయన ఒక పాత బండి చక్రం తీసుకుని, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్న ఎర్ర కొవ్వొత్తులు దాని మీద నిలబెట్టాడు. రోజుకొకటి వెలిగించేవాళ్లు. ఇప్పుడు ప్రపంచమంతా గుళ్లలో కనిపించే ఆగమన చక్రం అక్కడ పుట్టింది. దిక్కులేని పిల్లల కోసం పుట్టిందని చాలామందికి తెలియదు. ఆ తర్వాత మూడేళ్లకు, 1842 జూలై 31న, అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చి మీ సంఘానికి పునాది వేశారు. భార్యను పోగొట్టుకున్న తర్వాతే ఆయన ఇంత దూరం ఓడెక్కి వచ్చారు. మీ సంఘం మొదలులోనే దుఃఖం తెలిసిన మనిషి ఉన్నాడని మీకు చెప్పాలనిపించింది.

మీకు చక్రమేమీ అక్కర్లేదు. ఒక స్టీలు పళ్లెంలో ఇసుక పోసి నాలుగు కొవ్వొత్తులు గుచ్చండి, చుట్టూ పెరట్లో ఏ ఆకు ఉంటే అది పెట్టండి. కొన్ని సంఘాల్లో మూడు ఊదావి, ఒకటి గులాబీ రంగుది వాడతారు. మీకు కిరాణా కొట్లో దొరికే తెల్లవి చాలు. మొదటి ఆదివారం సాయంత్రం ఒకటి వెలిగించండి, రెండో వారం రెండు, అలా. మొదటి వారం యెషయా తొమ్మిదో అధ్యాయంలో 'చీకటిలో నడచు జనులు గొప్ప వెలుగును చూచుచున్నారు' అనే చోటు చదవండి. రెండో వారం నలభయ్యో అధ్యాయం, 'నా జనులను ఓదార్చుడి' అన్నది. తర్వాత ప్రతి ఒక్కరూ నాన్న గురించి ఒక్క సంగతి చెప్పండి. పెద్ద సంగతి కానక్కర్లేదు. ఆయనకు ఏ కూర ఇష్టం, స్టార్‌కు కాగితం అంటించేటప్పుడు మైదా పిండి ఉడికిస్తే ఇల్లంతా ఎలా వాసన వచ్చేది, అలాంటివి. మొదటి వారం మీరు మధ్యలోనే ఏడ్చేస్తారు. పిల్లలు చూస్తారు. చూడనివ్వండి. అమ్మ ఏడవడం చూడని పిల్లలు తమ ఏడుపును దాచుకోవడం నేర్చుకుంటారు.

మీ పాప గురించి రెండే మాటలు రాశారు, "ఏమీ మాట్లాడదు" అని. నాకు ఉత్తరమంతట్లో ఆ ముక్క దగ్గరే ఎక్కువ దిగులు వేసింది. బాబు అడుగుతున్నాడు కాబట్టి వాడి బాధ బయటికి వస్తోంది. పద్నాలుగేళ్ల పిల్ల తల్లిని కష్టపెట్టకూడదని నోరు మూసుకుంటుంది, వంటింట్లో గిన్నెలు తోముతుంది, అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. కొవ్వొత్తి వెలిగించే పని ఆమెకు ఇవ్వండి. ఒక రాత్రి ఆమె పక్కన పడుకోండి. ఏమీ అడక్కండి. చీకట్లో పిల్లలు తమంతట తామే మాట్లాడతారు.

కేరల్స్ సంగతి. దీనికి నా ఇంట్లో జరిగింది చెప్పాలి. మా అమ్మ అక్టోబరులో పోయింది. అప్పటికి నేను కాలేజీలో ఉన్నాను. ఆ డిసెంబరు కేరల్స్ వాళ్లు మా వీధికి వచ్చారు. దూరం నుంచి డోలక్, టాంబరిన్ వినపడుతున్నాయి. మా ఇంటి దగ్గరికి వచ్చేసరికి మైకు ఆపేశారు, డోలక్ ఆపేశారు, చప్పుడు చేయకుండా ముందుకు వెళ్లిపోయారు. నాలుగిళ్లు దాటాక మళ్లీ మొదలుపెట్టారు. మమ్మల్ని బాధపెట్టకూడదనే అలా చేశారు, నాకు తెలుసు. కానీ మా నాన్న శాలువా కప్పుకుని, కానుక కవరు చేత్తో పట్టుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నారు. వాళ్లు వెళ్లిపోయాక కూడా చాలాసేపు అలాగే ఉన్నారు. ఆ రాత్రి మా అమ్మ చనిపోయిన రోజు కంటే ఒంటరిగా అనిపించింది నాకు. ఇన్నేళ్లయినా ఆ కవరు కళ్ల ముందే ఉంది.

అందుకని యూత్ పిల్లలను రావద్దనకండి. రమ్మనండి, ఎలా రావాలో కూడా మీరే చెప్పండి. వాళ్లు కుర్రాళ్లు, మీకు ఏం కావాలో ఊహించుకోలేరు. చెబితే శ్రద్ధగా చేస్తారు. అర్ధరాత్రి రెండింటికి కాకుండా రౌండ్స్‌లో మొదటి ఇల్లుగా ఏడున్నరకో ఎనిమిదికో రమ్మనండి. మైకు వద్దనండి, క్రిస్మస్ తాత వేషం వద్దనండి, డోలక్ వద్దనండి. ఒక్క పాట, మీ ఆయనకు ఇష్టమైనది, నెమ్మదిగా పాడమనండి. ఒక చిన్న ప్రార్థన. టీ ఇచ్చి పంపండి. మీరు పాడక్కర్లేదు, గుమ్మంలో నిలబడితే చాలు. నిలబడలేకపోతే లోపల కూర్చోండి, తలుపు మాత్రం తెరిచి ఉంచండి. డోలక్ విషయంలో ఒక మాట. ఆయన డోలక్ ఇంట్లోనే ఉంటే ఈ ఏడు ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. ఎవరైనా "గుడికి ఇచ్చేయండి" అన్నా సరే, వచ్చే ఏడు చూద్దాం అనండి. బాబు చేతులు ఇంకా పెరగాలి.

నిద్ర పట్టడం లేదన్నారు, లేచేసరికి జనవరి అయిపోవాలనుందన్నారు. ఇంత పెద్ద దెబ్బ తర్వాత ఇలా అనిపించడం వింత కాదు. అయితే వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, అసలు బతకడం ఎందుకు అనే ఆలోచన వచ్చినా ఆగకండి. డాక్టరు దగ్గరికి వెళ్లండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ వాళ్లు పగలూ రాత్రీ ఎప్పుడైనా మాట్లాడతారు, ఉచితంగా, తెలుగులోనే. ఫోన్ చేయడం ప్రార్థన మీద నమ్మకం లేక చేసే పని కాదు. జ్వరం వస్తే ప్రార్థనా చేస్తాం, మాత్రా వేసుకుంటాం.

పండగ రోజు గుడికి వెళ్లండి, కానీ ముందు వరసలో కూర్చోవాలనే టెన్షన్ పెట్టుకోకండి. తెల్లవారుజాము ఆరాధన అయితే ఇంకా మంచిది, చీకటిగా ఉంటుంది, జనం నిద్రమత్తులో ఉంటారు. వాద్యాల వైపు కాకుండా తలుపు దగ్గర చోటు చూసుకోండి, పక్కన నమ్మకమైన ఒక స్నేహితురాల్ని కూర్చోమనండి. భరించలేకపోతే బయటికి వచ్చి చెట్టు కింద నిలబడండి. "హ్యాపీ క్రిస్మస్" అని చేతులు కలుపుతారు, "మీకూ అండి" అంటే చాలు. బట్టలకు అప్పు చేయకండి. చీర ఏ రంగు కట్టుకోవాలన్నది మీ ఇష్టం, దాని మీద సంఘంలో ఏ నియమమూ లేదు.

ఇంకొక పని మీ పాస్టరు అయ్యగారి చెవిన వేయండి. అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశాల్లో కొన్ని సంఘాలు డిసెంబరు 21 ప్రాంతంలో, ఏడాదిలోకెల్లా పొడవైన రాత్రి వేళ, ఆ ఏడు మనుషుల్ని పోగొట్టుకున్న వాళ్ల కోసం ప్రత్యేకంగా ఆరాధన పెడతాయి. లైట్లు తక్కువ, పాటలు తక్కువ, కొవ్వొత్తులు, మౌనం. మీ ఊళ్లో ఈ ఏడు మరణం చూసిన ఇల్లు మీది ఒక్కటే అయి ఉండదు. నాలుగో వారంలో ఒక సాయంత్రం ఆ ఇళ్లవాళ్లంతా గుడిలో ఒక గంట కూర్చుని, పోయినవాళ్ల పేర్లు చదివి, ఒక్కొక్కరికీ ఒక కొవ్వొత్తి వెలిగిస్తే అయ్యగారికి అభ్యంతరం ఉంటుందనుకోను. నిజానికి ఇది మీరు అడగాల్సిన పని కూడా కాదు. దిక్కులేని పిల్లల్నీ విధవరాండ్రనూ వాళ్ల ఇబ్బందిలో పరామర్శించడమే పవిత్రమైన భక్తి అని యాకోబు పత్రికలో ఉంది. పరామర్శ అంటే మనకు తెలుసు. పదో రోజుతో అయిపోయేది కాదు అది. సంఘపెద్దలు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు చేతులు జోడించి చెబుతున్నాను. ఈ డిసెంబరులో అలాంటి ఇళ్లకు వెళ్లండి. ఉపదేశం వద్దు, కాసేపు కూర్చుని రండి.

ఇప్పుడు మీ అత్తగారి దగ్గరికి వస్తాను. కావాలనే ఇంతసేపు ఆగాను.

మీ ఉత్తరంలో ఆవిడ స్టార్ వద్దన్న మనిషిగా మాత్రమే కనిపిస్తారు. నలుగురూ ఏమనుకుంటారో అన్నారని రాశారు. మీ మనసులో కోపం ఉందని అర్థమైంది, అది తప్పని కూడా అనను. కానీ చెల్లెమ్మా, ఆ స్టార్ కట్టే కుర్రాణ్ణి ఆవిడ కన్నది. మీరు భర్త చేతుల్లో ఆ స్టార్‌ను చూసింది పదిహేనేళ్లో ఏమో. ఆవిడ మాత్రం మీ బాబు వయసు పిల్లాడు మొదటిసారి వంకరటింకరగా బద్దలు కట్టినప్పటి నుంచీ చూసి ఉంటుంది. డాబా మీద అది వెలిగితే రోజూ సాయంత్రం తలెత్తి చూడాలి, కట్టినవాడు లేడు. నలుగురి మాట ఆవిడకు ఒక చాటు అయి ఉండొచ్చు. "నేను చూడలేను" అనడానికి పెద్దవాళ్లకు నోరు రాదు.

మత్తయి సువార్త రెండో అధ్యాయంలో నక్షత్రం గురించి చదువుతాం, జ్ఞానుల కానుకల దగ్గర ఆపేస్తాం. అదే అధ్యాయంలో కొన్ని వాక్యాల తర్వాత రాహేలు ఉంది, తన పిల్లలు లేనందున 'ఓదార్పు పొందనొల్లక' ఏడుస్తున్న తల్లి. హేరోదు బేత్లెహేములో పసివాళ్లను చంపించినప్పుడు మత్తయి ఆ పాత ప్రవచనాన్ని గుర్తు చేశాడు. ఓదార్పు వద్దన్న ఆ తల్లిని అతను ఒక్క మాట అనలేదు. ఏడుపు ఆపమని చెప్పలేదు. నక్షత్రం ఉన్న పుటలోనే ఆమెను కూడా ఉంచి ముందుకు వెళ్లాడు. సంఘం కూడా డిసెంబరు 28ని ఆ పసివాళ్ల జ్ఞాపకం కోసం ఉంచింది, క్రిస్మస్‌కు సరిగ్గా మూడు రోజుల తర్వాత. బిడ్డ పోయిన తల్లి ఏడుపు పండగలోంచి తీసేయాల్సింది కాదని పెద్దలకు తెలుసు.

అందుకని స్టార్ గురించి ఆవిడతో వాదించకండి. ఒక మధ్యాహ్నం పక్కన కూర్చుని "అత్తయ్యా, ఆయన మొదటి స్టార్ ఎన్నో ఏట కట్టారు?" అని అడగండి. జవాబు ఎంతసేపు సాగితే అంతసేపు వినండి. ఆ రోజు స్టార్ మాట ఎత్తకండి. రెండు మూడు రోజుల తర్వాత "బాబుకు నేర్పాలి, వాళ్ల నాన్న ఎలా కట్టేవాడో మీకే గుర్తుంటుంది" అనండి. ఆవిడ ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోతే తొందరేమీ లేదు. మత్తయి రాసిందాన్ని బట్టి జ్ఞానులు వచ్చేసరికి శిశువు పుట్టి కొంతకాలం అయింది, వాళ్లు వచ్చింది పశువుల పాకలోకి కాదు, ఇంట్లోకి. అందుకే వాళ్ల రాకను జనవరి 6న ప్రత్యక్షత పండుగగా గుర్తు చేసుకుంటాం. నక్షత్రం అసలు రోజు అది. డిసెంబరు 24 సాయంత్రం కడితే మంచిది. కుదరకపోతే జనవరి 6 లోపు ఏ రోజు కట్టినా అది ఆలస్యం కాదని బాబుకు చెప్పండి, కారణంతో సహా చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు.

కొన్న స్టార్ వద్దు. బజార్లో తళతళలాడేవి బోలెడు ఉన్నాయి, కానీ ఈ ఏడు బాబు చేతులతో చేసిందే కట్టండి. బద్దలు చీరడం మాత్రం వాడి చేత చేయించకండి, చేతులు కోసుకుంటాడు. మీ ఆయన స్నేహితుల్లో ఎవరినైనా ఒక సాయంత్రం పిలవండి. పాప కాగితం కత్తిరిస్తుంది, మీరు మైదా ఉడికించండి. ఒక కోణం వంకరగా వస్తే సరిచేయకండి. ఆయన కట్టినంత ఎత్తున కట్టనక్కర్లేదు, వరండా చూరుకు కట్టినా చాలు. వైరు తడవకుండా చూసుకోండి, బల్బు చిన్నది పెట్టండి, కాగితానికి వేడి తగలకూడదు. స్విచ్ మాత్రం కిందే, అత్తగారి మంచం దగ్గర ఆవిడ చేతికి అందేలా పెట్టించండి. ఏ రోజు వెలగాలో ఆవిడే వేస్తారు.